గోడకు ఆనించిన రాయి

నెలలో మొదటి ఆదివారం వచ్చిందంటే ప్రేమమణి మల్కాజ్‌గిరిలో తెల్లవారుజాము లోకల్ రైలు పట్టుకుని సికింద్రాబాదు స్టేషన్లో దిగేది. అక్కణ్నుంచి క్లాక్ టవర్ దాకా నడక. భుజానికి మైకు పెట్టె వేలాడుతూ ఉండేది. పెట్టెకి వైరు, వైరు చివర మైకు, మైకు చివర రామభద్రరావు గారు. ఆయన ఎటు కదిలితే ఆమె అటు కదలాలి. రెండు బారలు దాటితే వైరు లాగుతుంది. అప్పుడాయన మాట ఆపకుండానే కళ్ళతో కసురుతాడు.

ఆయన చరిత్ర లెక్చరరుగా రిటైరైనవాడు. 'హెరిటేజ్ వాక్' అని పేరు పెట్టి, పొద్దున్న ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఊరు చూపిస్తాడు. మెడలో కెమెరాలు వేసుకున్న సాఫ్ట్‌వేర్ పిల్లలు, మోకాళ్ళకి పట్టీలు కట్టుకున్న పెన్షనర్లు, ఆదివారం ఎక్కడికి పోవాలో తోచని మొగుడూపెళ్ళాలు వస్తారు. చెప్పడంలో ఆయనకు వంక పెట్టలేం. ఇరానీ హోటలు ముందు నిలబెట్టి, ఆ మూల టేబులు దగ్గర ఒకప్పుడు ఎవరు కూర్చునేవారో చెబితే, ఆ మనిషి ఇప్పుడే టీ తాగి లేచి వెళ్ళినట్టు ఉంటుంది. పాత దుకాణం తలుపు మీది చెక్కడం చూపిస్తే, రోజూ ఆ దారినే పోయేవాళ్ళు కూడా తల ఎత్తి నోరు తెరుస్తారు.

నడక ఆఖరి మజిలీ కంటోన్మెంటు వైపున్న పాత సమాధుల తోట. అక్కడ తూర్పు గోడకు ఆనించి రెండు రాళ్ళు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి హార్పర్ అనే కెప్టెనుది, పద్దెనిమిది వందల డెబ్బై ఒకటిలో ఇరవై తొమ్మిదేళ్ళకి పోయాడు. రెండోది సగం విరిగిన రాయి. మిగిలిన సగంలో ఒక సిలువ, దాని కింద వంకర తెలుగు అక్షరాల్లో 'రోసమ్మ'. అంతే.

ఆ రాళ్ళ ముందుకు రాగానే రామభద్రరావు గారు గొంతు తగ్గిస్తాడు. కెప్టెన్ గారి బంగళాలో పనిచేసిన రోసమ్మ, ఆయన కలరాతో పోయేదాకా మంచం విడవలేదంటాడు. తర్వాత ఊరంతా వెలేసినా ఆ గేటు దగ్గరే కూర్చుని బతికిందంటాడు. "చచ్చిపోయాకైనా పక్కన పడుకోనివ్వండి అని అడిగింది. పడుకుంది. చూడండి, ఇప్పటికీ భుజం భుజం ఆనించుకునే ఉన్నారు!" ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటారు. కెమెరాలు క్లిక్కుమంటాయి.

రోసమ్మ ప్రేమమణికి తాతమ్మ. అమ్మకు తండ్రైన జకర్యాను కన్న తల్లి. ఆ సంగతి రామభద్రరావు గారికి తెలియదు.

తెలియకపోవడానికి కారణం ఉంది. ప్రేమమణి నరసాపురం దగ్గర పల్లెటూళ్ళో పెరిగింది. అక్కడి మిషను బడిలోనే చదివింది. జకర్యా తాతయ్య పోయాకే, ఆయన చెల్లెలు డోరా అమ్మమ్మకు తోడుగా మల్కాజ్‌గిరి వచ్చింది. కంప్యూటరు మీద తెలుగు టైపింగు నేర్చుకుని పని వెతుక్కుంటుంటే, కార్ఖానా ఏరియాలో ఒక పెద్దాయన పుస్తకం రాస్తున్నాడు, టేపుల్లోది టైపు చేసేవాళ్ళు కావాలట అని ఎవరో చెప్పారు. వెళ్ళింది. ఆయన ఊరు పేరు అడిగాడు గానీ, తల్లి ఎవరి కూతురో అడగలేదు.

మొదటి రోజు చెవులకి హెడ్‌ఫోను పెట్టుకుని మీట నొక్కింది. ఒక దగ్గు వినిపించింది. రెండుసార్లు పొడిగా దగ్గి, మూడోసారి గొంతు సవరించుకోవడం. వేసవి సెలవుల్లో వాకిట్లో మంచమేసుకుని పడుకున్నప్పుడల్లా విన్న తాతయ్య దగ్గు. ఆమె చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

జకర్యా తాతయ్య సమాధుల తోటకు నలభై మూడేళ్ళు కాపలాదారు. గేటు తీయడం, గుంట తవ్వించడం, రిజిస్టరులో పేరు ఎక్కించడం ఆయన పని. సాయంత్రాలు ఊరంతా తిరిగేవాడు. ఏ ఇల్లు ఎవరు కట్టారో, ఏ దుకాణం ముందు ఏ గుర్రబ్బండి ఆగేదో, తండ్రుల దగ్గరా తాతల దగ్గరా విన్నదంతా ఆయన తలలో ఉండేది. రెండేళ్ళపాటు రామభద్రరావు గారు టేపు రికార్డరు పట్టుకుని గేటు పక్క గదిలో కూర్చుని ఆ తలనంతా ఖాళీ చేసుకున్నాడు. నలభై ఒక్క క్యాసెట్లు. ఇరానీ హోటలు మూల టేబులు జకర్యాది, తలుపు మీది చెక్కడం జకర్యాది. నడకలో గానీ, రాస్తున్న పుస్తకంలో గానీ జకర్యా అన్న మూడక్షరాలు ఎక్కడా లేవు. "నా పరిశోధనలో తేలిందేమిటంటే" అని మాత్రం పేజీకి రెండుసార్లు ఉంది.

ఇరవై మూడో క్యాసెట్టులో ఆ రెండు రాళ్ళ సంగతి ఉంది. అది విన్న రోజు ప్రేమమణి పని అయ్యాక ఇంటికి పోలేదు. నేరుగా సమాధుల తోటకు పోయి, ఇప్పుడు కాపలా ఉంటున్న వీరయ్యను కలిసింది. అతను తాతయ్య కింద పదేళ్ళు పనిచేసినవాడు.

"నువ్వు జకర్యా సాబ్ మనవరాలివా? ముందే చెప్పొద్దా బిడ్డా!" అని స్టూలు తుడిచి వేశాడు. ఆమె రాళ్ళ గురించి అడిగితే గోడ వైపు చెయ్యి చూపించాడు.

"పోయిన ఏడాది ఎండాకాలంల గా సారు మొదటిసారి గా కథ చెప్పిండు. పెద్దాయన గేటు కాడ ఉండె. ఇన్నడు. పోయి, 'సార్, ఆమె మా అమ్మ సార్, గట్ల చెప్పకుండ్రి' అన్నడు. అందరి ముందట. గా సారు నవ్విండు. 'ఇతను ఇక్కడి వాచ్‌మన్, వయసు మీద పడ్డది, ఏదో అంటుంటడు' అని చెప్పి, భుజం తట్టి, మందిని అవుతలికి తీస్కపోయిండు. పెద్దాయన తాళాలు నా చేతిల పెట్టిండు. మళ్ల గా గోడ దిక్కు పోలే. వానలు షురూ అయినంక పాయె."

"ఆయన అంత్యక్రియలకి వచ్చాడా, ఆ సారు?"

"ఏడికెల్లి వస్తడమ్మా?"

ప్రేమమణి తల ఊపింది. ఏడవలేదు. లేచి చీర కుచ్చిళ్ళు దులుపుకుని బస్సెక్కింది. ఆ పూట నుంచి ఆమెకు ఒకటే కోరిక. ఆ మనిషి ఆ గోడ ముందే, ఆ మంది ముందే, ఆ మైకులోనే తాతయ్య పేరు పలకాలి. పలికాక తల ఎత్తుకోలేకుండా పోవాలి.

ఆవేశపడి ఉద్యోగం మానేస్తే పని జరగదు. అందుకని మరింత బుద్ధిగా పనిచేసింది. మైకు మోసే కుర్రాడు మానేస్తే, "నేను మోస్తానండి" అంది. ఆదివారాలు గొడుగు పట్టింది, నీళ్ళ సీసాలు మోసింది. ఎనిమిది నెలల్లో ఎనిమిదిసార్లు తాతమ్మను కెప్టెను పక్కలో పడుకోబెట్టడం విన్నది, భుజాన పెట్టె కదలకుండా. ఆ పెట్టెలో క్యాసెట్టు పెట్టుకునే అర కూడా ఉంది. ఆయనకి దాంతో పని పడలేదు. ఇరవై మూడో క్యాసెట్టు ఆరో నెల నుంచీ అందులోనే ఉంది.

అక్టోబరు చివర ఒక సాయంత్రం రామభద్రరావు గారు హుషారుగా ఉన్నాడు. "మణీ, ఈసారి ఆదివారం నవంబరు రెండు పడింది. సమాధుల పండుగట కదా మీవాళ్ళకి? పూలు, కొవ్వొత్తులు... విజువల్‌గా అదిరిపోతుంది. పబ్లిషర్ పద్మనాభం గారు స్వయంగా వస్తున్నారు, ఇద్దరు పేపరు వాళ్ళను తీసుకుని. పుస్తకానికి చివరి అధ్యాయం రోసమ్మే. జనం ఎక్కువుంటారా మరి?"

"అందరూ సాయంత్రం కొవ్వొత్తులు వెలిగించడానికే వస్తారండి. పొద్దున్న ఖాళీనే."

"గుడ్. ఇంకోటి. ఆ రోసమ్మ తాలూకు మనుషులు ఎవరన్నా మిగిలారా? పద్మనాభం గారు అడుగుతున్నారు. తర్వాత తగాదాలు రాకూడదని."

ప్రేమమణి తెర మీద అక్షరాలనే చూస్తూ, "ఎవరూ లేరండి" అంది.

ఆ పండుగ సంగతి ఆయనకి సగమే తెలుసు. సాయంత్రం కొవ్వొత్తులు అందరూ చూస్తారు. దానికి ముందే, ఇంటివాళ్ళు వచ్చి గడ్డి పీకి, సమాధికి సున్నం వేసి, దాని మీద నల్ల రంగుతో పేరు తిరగరాయాలి. రాళ్ళు చెక్కించుకోలేని వాళ్ళ సమాధులు ఆ తోటలో సగానికి పైనే. సిమెంటు దిమ్మె మీద బ్రష్షుతో రాసిన పేరు ఒక వానాకాలం కూడా ఆగదు. అక్టోబరు నాటికి అవన్నీ పేర్లు లేని దిమ్మెలు. నవంబరు రెండు దాటితే మళ్ళీ మనుషులవుతాయి. రామభద్రరావు గారు ఏడాది పొడుగునా చెక్కిన రాళ్ళే చూశాడు గానీ, ఏ రాయికి సున్నం వేస్తారో, ఏ రాయికి వేయరో చూడలేదు. గోడకు ఆనించిన రాళ్ళకు ఎవరూ వేయరు. వాటి కింద ఎవరూ లేరు గనక.

డోరా అమ్మమ్మ ఏటా పండుగ ముందురోజే వచ్చి తల్లి సమాధికి సున్నం వేయిస్తుంది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, బడిలో ఆయాగా చేసి దిగింది, ఎవరి మాటా వినదు. ప్రేమమణి మాట మాత్రం ఆ ఏడు విన్నది. "శనివారం వాన పడేలా ఉంది అమ్మమ్మా. ఆదివారం ఎనిమిదిన్నరకి రండి. నేనూ అక్కడే ఉంటాను. వేసేసి గుడికి ప్రార్థనకి పోదాం."

"వానేంది, నవంబర్ల?" అని గొణిగినా ఒప్పుకుంది. "నూనె సీస నువ్వే తేవాలె మరి. నిరుడు మర్చిపోయి చేతులు కాల్చుకున్న. వీరయ్య సున్నం రాత్రే నానబెడ్తడు, తెల్లారేసరికి మంట మంటగుంటది. ముందుగాల కొబ్బరినూనె పట్టించుకోకపోతే పుండ్లు పడ్తయి."

లెక్క ఇదీ. కథ ఎనిమిదింబావుకి అయిపోతుంది. అప్పుడు ప్రేమమణి క్యాసెట్టు మీట నొక్కుతుంది. ఎనిమిదిన్నరకి అమ్మమ్మ వస్తుంది, అంతా తేలిపోయాక, ఇదిగో మనిషి అని చూపించడానికి. ఆ పాడు కథ అమ్మమ్మ చెవిన పడనే పడదు.

ముసలివాళ్ళు ఎక్కడికైనా అరగంట ముందే చేరతారన్నది ఆ లెక్కలో లేదు.

ఆదివారం నలభై మందికి పైగా వచ్చారు. పద్మనాభం గారు నల్లకళ్ళద్దాలు, చేతిలో చిన్న పుస్తకం. రామభద్రరావు గారు ఇస్త్రీ మడత నలగని లాల్చీలో మెరిసిపోతున్నాడు. సమాధుల తోటలో అక్కడక్కడా మనుషులు గడ్డి పీకుతూ కనిపిస్తే, "లోకల్ కలర్!" అని పేపరువాళ్ళకు చూపించాడు. రెండు రాళ్ళ ముందు ఆగి, గొంతు తగ్గించాడు.

ఆ రోజు మరీ రెచ్చిపోయాడు. రోసమ్మకు పాట కట్టాడు, కెప్టెను చేత ముత్యాల దండ ఇప్పించాడు. "ఊరు ఆమెను ఏమని పిలిచిందో నేను మైకులో చెప్పలేను. కానీ ఆమె సిగ్గుపడలేదు. ఒక తెల్లవాడి కోసం..."

"ఎవరి గురించి బాబూ చెప్తున్నవు?"

జనం పక్కకి జరిగారు. డోరా అమ్మమ్మ నిలబడి ఉంది. తెల్ల చీర, చేతిలో సున్నం కుంచె. వెనక బొక్కెన పట్టుకుని వీరయ్య, బంతిపూల సంచితో కోడలు ఎమిలీ. ప్రేమమణి గడియారం చూసుకుంది. ఎనిమిదీ అయిదు. భుజాన పెట్టె ఒక్కసారిగా బరువెక్కింది.

రామభద్రరావు గారు చిరునవ్వు నవ్వాడు. "అమ్మా, జెర పక్కకి నిలబడండి. ఇది పాత చరిత్ర. పరిశోధన చేసి చెబుతున్నాం."

"పరిశోధనా? మా అమ్మ నీ పరిశోధనల ఎప్పుడు పడిందయ్యా?"

ఎవరో కిసుక్కుమన్నారు. అమ్మమ్మ నవ్వలేదు. "ముత్యాల దండనా? సగం చీర కట్టుకుని సగం ఆరేసుకున్న మనిషి. ఆమె నా తల్లి. రోసమ్మ. ఏమని పిలిచిన్రన్నవు? చెప్పు. నేనూ ఇంట. ఇన్నేండ్ల తర్వాత మా అమ్మ పేరు నీ నోట్ల ఇంట."

పద్మనాభం గారు కళ్ళద్దాలు తీశాడు. "ఏమిటి మాస్టారూ ఇది? ఎవరూ లేరన్నారు?"

"లేరనే నాకూ చెప్పారు..." రామభద్రరావు గారు ప్రేమమణి వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. ఆయన మళ్ళీ మైకు ఎత్తాడు. "అయినా ఇందులో నా కల్పనేం లేదు. ఇక్కడి వాచ్‌మన్, జకర్యా అని ఉండేవాడు. ఆ జకర్యా చెప్పిందే నేను చెబుతున్నాను. పొరపాటుంటే జకర్యాది!"

మైకులో ఆ పేరు తోటంతా పలికింది. మూడుసార్లు.

ఎనిమిది నెలలుగా ఆమె కోరుకున్న పేరు. ఆయన పలికాడు, నెపం వెయ్యడానికి. ప్రేమమణి పెట్టె పక్కన వేలు పెట్టి మీట నొక్కింది.

గరగర శబ్దం. రెండు పొడి దగ్గులు, గొంతు సవరింపు. డోరా అమ్మమ్మ చేతిలోంచి కుంచె జారిపోయింది.

"ఆ గోడ దగ్గర రెండు రాళ్ళున్నాయే, అవెవరివి?" రామభద్రరావు గారి గొంతు, పెట్టెలోంచి.

"అవా సార్? వాటి కింద ఎవరూ లేరు. డెబ్బైల్ల వానకి గోడ కూలి మీద పడితే ఎక్కడివక్కడ విరిగినయి. తీసి గోడకానించిన. కెప్టెన్ గారి రాయి, మా అమ్మ రాయి ఒకే ఎత్తున్నయి. ఒకదానికొకటి ఆనుకుంటే పడవని పక్కపక్కన పెట్టిన. అమ్మ సమాధి అటు, వేపచెట్టు అవతల, సిమెంటు దిమ్మె."

"ఓహో. పక్కపక్కన చూస్తే ఏదో ఉన్నట్టుంది సుమా. మంచి కథ చెయ్యచ్చు జకర్యా."

"కథ వద్దు సార్. కెప్టెన్ గారు పోయిన ఇరవై ఏండ్లకి పుట్టింది మా అమ్మ. మిలిటరీ ఆసుపత్రిల రక్తం గుడ్డలు ఉతికి మమ్మల్ని సాదింది. అది రాసుకోండి. పేరు రోసమ్మ. రాయి నేనే చెక్కిన, అక్షరాలు వంకరొచ్చినయి."

"రాసుకుంటాను, రాసుకుంటాను."

క్యాసెట్టులో కుర్చీ జరిపిన చప్పుడు. ప్రేమమణి మీట ఆపింది.

రామభద్రరావు గారి చేతిలో మైకు ఇంకా ఉంది. ఆయన ఊపిరి అందులోంచి బుసబుసమని వినిపిస్తోంది. అది ఆపాలని కూడా తోచలేదాయనకి. పేపరువాళ్ళలో ఒకడు రాసుకుంటున్నాడు. ఇందాక కళ్ళు ఒత్తుకున్న ఒకావిడ కొంగు దులుపుకుని ఛీ అంది.

"నువ్వు... నువ్వెవరు?" అన్నాడాయన ప్రేమమణితో, లోగొంతుకలో. మైకు ఆ మాటనీ పెద్దది చేసింది.

"వాచ్‌మన్ మనవరాలినండి. వయసు మీద పడ్డది ఆయనకి. నాకు కాదు."

పద్మనాభం గారు చిన్న పుస్తకం మూశాడు. "ఇలాంటి టేపులు ఎన్నున్నాయమ్మా?"

"నలభై ఒకటండి."

"అన్నిట్లో ఈ గొంతేనా?"

"ఈ గొంతే."

"మాస్టారూ, అయితే పుస్తకం ఎవరిదో ముందు తేల్చుకుందాం. అప్పటిదాకా ఆపుదాం" అని ఆయన పేపరువాళ్ళ వైపు నడిచాడు.

ఇదంతా ఆమె అనుకున్నట్టే జరిగింది. కానీ డోరా అమ్మమ్మ రామభద్రరావు గారిని చూడటం లేదు. ప్రేమమణినే చూస్తోంది.

"గిది నీకు ముందుగాల్నే తెలుసు."

ప్రేమమణి పెట్టె పట్టీ సవరించుకుంది.

"తెలిసి ఎన్ని నెలలు?"

"ఎనిమిది, అమ్మమ్మా."

"ఎనిమిది నెలలు గీ మనిషి వెంబడి డబ్బ మోసుకుంట, మా అమ్మను గట్ల అంటుంటే ఇన్నవు. నాకు చెప్పలే. అన్న గొంతు నీ కాడ పెట్టుకున్నవు, అదీ ఇనిపియ్యలే. ఇయ్యాల మందిల ఇనిపిస్తివి, గా పాడు మాటలతోని కలిపి."

"మీరు ఎనిమిదిన్నరకి వస్తారనుకున్నా..."

"నేను ఎన్నడన్న చెప్పిన టైముకు వచ్చిన్నా?"

అమ్మమ్మ వంగి కుంచె తీసుకుంది. మట్టి దులిపింది. వేపచెట్టు వైపు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "రా బాబూ. పరిశోధన అన్నవు గద. మా అమ్మ ఏడుందో చూద్దువు రా. మీరూ రాండ్రి అందరు, ఇంత దూరం నడిచొస్తిరి."

నలభై మందీ ఆమె వెనకే నడిచారు. ఆయన కదల్లేదు. ప్రేమమణి నడిచింది. వైరు బిగిసింది. మైకు వదిలేయడమో, వెంట రావడమో. చుట్టూ కెమెరాలున్నాయి. ఆయన వెంట వచ్చాడు.

వేపచెట్టు అవతల దిమ్మె మీద నాచు, పక్షి రెట్టలు తప్ప ఏ అక్షరమూ లేదు. ఆయన ఎన్నోసార్లు దాని పక్కనుంచే మందిని నడిపించుకుపోయాడు. అమ్మమ్మ కుంచె ఆయన చేతికిచ్చింది.

"వెయ్యి."

"అమ్మా, నేను..."

"రాసుకుంటనంటివి గద మా అన్నతోని. ముందుగాల సున్నం, ఎండినంక పేరు. మాకు గట్లనే అలవాటు. వెయ్యి."

ఎవరూ ఆయనకి అడ్డుపడలేదు. రామభద్రరావు గారు లాల్చీ చేతులు పైకి మడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, కుంచె బొక్కెనలో ముంచాడు. పట్టుకోవడం చేతకాక సున్నం మోచేతి దాకా కారింది, వేళ్ళ సందుల్లోకి దిగింది.

"వీరయ్యా, ఇంకో కుంచె ఉందా?" అంది అమ్మమ్మ. "గామెకియ్యి. ఆమెది గూడ తక్కువ పనేం కాదు. గా పక్కకెల్లి వెయ్యమను."

ప్రేమమణి పెట్టె దించి కింద పెట్టింది. భుజం తిమ్మిరెక్కి ఉంది. సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసి, రెండు చేతులకీ మణికట్టు పైదాకా, వేళ్ళ సందుల్లో, గోళ్ళ చుట్టూ నిదానంగా పట్టించుకుంది. దిమ్మెకు అటువైపు ఆయన ఎడంచేత్తో కుడిచేతిని గోకుతున్నాడు. చర్మం అప్పుడే ఎర్రబడుతోంది. ఏమైందో తెలియక చెయ్యి లాల్చీకి తుడుచుకుని, మళ్ళీ కుంచె ముంచాడు.

అమ్మమ్మ ఆయన చేతిని చూసింది. ప్రేమమణి చేతిలోని సీసానీ చూసింది. ఏమీ అనకుండా బంతిపూలు విడదీయడం మొదలుపెట్టింది.

ప్రేమమణి సీసా మూత గట్టిగా బిగించి, సంచి అడుక్కి తోసి, కుంచె అందుకుంది.